వడ్డించినవాళ్లు తిన్నారా? ఈటింగ్ డిజార్డర్ నుంచి కోలుకోవడంలో సాయం పాత్ర

క్లుప్తంగా: తిండితో, బరువుతో ముడిపడిన మానసిక జబ్బులైన ఈటింగ్ డిజార్డర్లు పల్లెల్లోనూ వస్తాయి. శ్రీకాకుళం, విజయనగరం లాంటి జిల్లాల్లో అవి రక్తహీనత, గ్యాస్ ట్రబుల్, ఉపవాసం, ‘అందరికీ పెట్టే గుణం’ వెనక దాక్కుంటాయి. వీటి నుంచి కోలుకున్నవారు మరొకరికి తోడుగా నిలిస్తే ఇద్దరికీ మేలు జరగవచ్చు. తన కడుపు నిండకముందే మొదలుపెట్టిన సాయం మాత్రం జబ్బుకే సాయమవుతుంది. ఈ తేడా ఎక్కడ వస్తుందో ఈ వ్యాసం వివరిస్తుంది.

సంక్రాంతి సెలవులకు హాస్టల్ నుంచి ఇంటికొచ్చిన ఇంటర్ అమ్మాయిని ఊహించుకోండి. భోగికి ముందు రోజు అరిసెల పాకం పడుతుంటే పొయ్యి దగ్గరే కూర్చుంటుంది. పాకం ఉండకట్టిందో లేదో నీళ్లలో వేసి చూస్తుంది, పిండి కలుపుతుంది, నూనెలోంచి తీసిన అరిసెను చెక్కల మధ్య పెట్టి నొక్కుతుంది. తాతకు, మేనత్త పిల్లలకు, పక్కింటివాళ్లకు తనే పంచుతుంది. ‘నువ్వు తిన్నావేటమ్మా?’ అని అమ్మమ్మ అడిగితే ‘ఇందాకే తిన్నాను’ అంటుంది. నిజానికి ఒక్క ముక్క కూడా నోట్లో పెట్టుకోలేదు. కనుమ అయ్యేసరికి చుట్టాలంతా ఆ పిల్ల పనిమంతురాలని మెచ్చుకుంటారు. కాస్త చిక్కిందిగానీ చదువు టెన్షన్ అయ్యుంటుందిలే అనుకుంటారు.

ఆ అమ్మాయి ఆకలితో ఉందని ఇంట్లో ఎవరూ గమనించలేదు. ఆ ఆకలే ఆమెను పొయ్యి దగ్గర కూర్చోబెట్టి, అందరికీ పెట్టించిందన్న సంగతి అసలే తట్టదు. తిననివాళ్లకు వంట మీద అంత ఇష్టమేమిటి అని ఎవరికైనా అనిపిస్తుంది. దీనికి జవాబు 80 ఏళ్ల కిందట అమెరికాలో జరిగిన ఒక ప్రయోగంలో దొరుకుతుంది.

ఆకలి మెదడును ఏం చేస్తుంది

రెండో ప్రపంచ యుద్ధం ముగిసే రోజుల్లో యూరప్‌లో లక్షలమంది పస్తులతో అలమటిస్తున్నారు. అలాంటివాళ్లకు మళ్లీ తిండి ఎలా అలవాటు చేయాలో తెలుసుకోవడానికి 1944–45లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త ఒక పరిశోధన చేశాడు. యుద్ధంలో ఆయుధం పట్టబోమన్న 36 మంది యువకులు స్వచ్ఛందంగా ముందుకొచ్చారు. అందరూ ఒంట్లోనూ మనసులోనూ ఆరోగ్యంగా ఉన్నవాళ్లే. 24 వారాలపాటు వాళ్లకు సగం కడుపుకే తిండి పెట్టారు.

వాళ్ల బరువు దాదాపు నాలుగో వంతు తగ్గింది. గుండె నెమ్మదిగా కొట్టుకోవడం మొదలైంది, ఎప్పుడూ చలిగా ఉండేది. అసలు ఆశ్చర్యం వాళ్ల మనసుల్లో వచ్చిన మార్పు. స్నేహితుల మీద, చదువు మీద ఆసక్తి పోయింది. రోజంతా తిండి గురించే ఆలోచన. వంటల పుస్తకాలు పోగుచేసుకుని చదివేవారు. పళ్లెంలో ఉన్న కాస్తంత తిండినీ గంటల తరబడి కెలుకుతూ తినేవారు. ప్రయోగం ముగిశాక వంటవృత్తిలోకి వెళ్లాలనుకున్నవాళ్లూ ఉన్నారు. మళ్లీ కడుపునిండా పెట్టడం మొదలుపెట్టాక కూడా కొందరికి ఎంత తిన్నా తృప్తి ఉండేది కాదు. ఆ స్థితి నెలల తరబడి సాగింది.

వీళ్లెవరికీ లావైపోతామన్న భయం లేదు, అద్దంలో తమను చూసుకుని అసహ్యించుకునే అలవాటూ లేదు. కేవలం తిండి తగ్గడం వల్లే మెదడు తిండి చుట్టూ తిరిగింది. ఈటింగ్ డిజార్డర్‌లో కనిపించే మొండితనం, ఒంటరితనం, వంట మీద వల్లమాలిన మక్కువ చాలావరకు ఆ మనిషి స్వభావం కాదని, ఆకలి లక్షణాలని ఈ ప్రయోగం తర్వాతే వైద్యులకు బాగా అర్థమైంది. అందుకే ‘మనసు మార్చుకుంటే తింటుంది’ అనుకోవడం తలకిందుల ఆలోచన. ముందు తిండి లోపలికి వెళ్లాలి. మనసు మారడానికి కావలసిన శక్తి ఆ తర్వాతే వస్తుంది.

పేర్లు పాతవే, మన వాడుకలోకి రాలేదు

బరువు పెరుగుతామన్న భయంతో తిండి మానేసి, ఎముకల గూడులా మారినా ఇంకా లావుగానే ఉన్నామనుకునే జబ్బు అనొరెక్సియా నెర్వోసా. 1873లో లండన్‌లో విలియం గల్, పారిస్‌లో చార్లెస్ లాసెగ్ ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా దీన్ని వర్ణించారు. మానసిక జబ్బుల్లో అతి ఎక్కువ ప్రాణాలు తీసేవాటిలో ఇదొకటి. అదుపు తప్పి తినడం, ఆపైన తిన్నదాన్ని బయటికి పంపేయాలని ప్రయత్నించడం బులీమియా. దీనికి ఆ పేరు పెట్టింది లండన్ వైద్యుడు జెరాల్డ్ రస్సెల్, 1979లో. బయటికి పంపే ప్రయత్నమేమీ లేకుండా, సిగ్గుతో చాటుగా అతిగా తినేసే బింజ్ ఈటింగ్‌ను 2013లో ప్రత్యేక జబ్బుగా గుర్తించారు. ఈ చివరి రెంటిలో బరువు మామూలుగానే ఉండవచ్చు, ఎక్కువగానూ ఉండవచ్చు. మనిషిని చూసి జబ్బు ఉందో లేదో చెప్పలేం. మగపిల్లలకూ ఇవి వస్తాయి. కాకపోతే వాళ్లను ఎవరూ ఆ దృష్టితో చూడరు.

ఇందులో జన్యువుల వాటా గణనీయమైనదని కవలల మీద జరిగిన అధ్యయనాలు చూపించాయి. అనొరెక్సియాకు మానసిక మూలాలతో పాటు శరీరం శక్తిని వాడుకునే తీరుతోనూ సంబంధం ఉందని 2019లో వెలువడిన ఒక పెద్ద జన్యు అధ్యయనం సూచించింది. పుట్టుకతో వచ్చిన ఆ బలహీనతకు యుక్తవయసు, పరీక్షల ఒత్తిడి, ఒంటి మీద ఎవరో విసిరిన మాట, ‘నెలలో పది కిలోలు’ డైట్ తోడైతే జబ్బు మొదలవుతుంది. ఒకసారి బరువు తగ్గాక ఇక బయటి కారణాలతో పనిలేదు, ఆకలే దాన్ని నడిపిస్తుంది.

మారుమూల ప్రాంతాలకు ఈ బెడద ఉండదన్న నమ్మకాన్ని ఫిజీ దీవుల అనుభవం సడలించింది. అక్కడి నద్రోగా ప్రాంతానికి 1995లో టీవీ వచ్చింది. నిండైన ఒంటినే అందమనుకునే సమాజం అది. ఆన్ బెకర్ అనే పరిశోధకురాలు టీవీ వచ్చిన కొత్తలో ఒకసారి, 1998లో మరోసారి హైస్కూల్ అమ్మాయిలను ప్రశ్నించింది. బరువు తగ్గడానికి వాంతి చేసుకుంటున్నామన్నవాళ్లు మొదటిసారి ఒక్కరూ లేరు. మూడేళ్లకు 11 శాతం దాటారు. అది టీవీ ఒక్కటే ఉన్న కాలం. ఇప్పుడు ఇచ్ఛాపురం నుంచి భోగాపురం దాకా ప్రతి చేతిలోనూ ఫోన్ ఉంది, ముఖాన్నీ నడుమునూ సన్నగా చేసి చూపించే ఫిల్టర్‌తో సహా.

మనకు మరీ దగ్గరగా అనిపించేది హాంకాంగ్ అనుభవం. 1990లలో అక్కడి మానసిక వైద్యుడు సింగ్ లీ చూసిన రోగుల్లో చాలామంది లావవుతామన్న భయం గురించి చెప్పనే లేదు. కడుపు ఉబ్బరంగా ఉంది, తినబుద్ధి కావడం లేదు అన్నారంతే. మన ఇళ్లలో అదే మాటకు పేరు ‘గ్యాస్’. గ్యాస్ మాత్రలతో నెలలు గడిచిపోతాయి.

ఇక్కడ ఎందుకు కనిపించదు

ఉత్తరాంధ్రలో పోషకాహారం అనగానే అంగన్‌వాడీ, గుడ్డు, ఐరన్ మాత్ర, చోడి జావ గుర్తొస్తాయి. తిండి చాలకపోవడమే ఇక్కడ తరతరాల సమస్య, ఇప్పటికీ అది నిజమే. ఆ నిజమే రెండో సమస్యకు కప్పుగా మారింది. చిక్కిపోయిన అమ్మాయిని చూడగానే ‘రక్తం లేదు’ అంటారు. నెలసరి ఆగిపోతే బలహీనత అంటారు. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం ఊళ్లలో మనిషి చిక్కితే ముందు క్రియాటినిన్ అనే కిడ్నీ పరీక్ష గుర్తొస్తుంది. అందులో తప్పేం లేదు. కిడ్నీ జబ్బు, టీబీ, థైరాయిడ్, షుగర్ లేవని తేల్చుకోవడం ఎలాగూ మొదటి మెట్టే. అయితే రిపోర్టులన్నీ నార్మల్ వచ్చాక, ‘ఏమీ లేదమ్మా, బాగా తిను’ అన్న దగ్గర దారి ఆగిపోతుంది. అసలు ప్రశ్న మొదలవ్వాల్సింది అక్కడే. పైగా పదేపదే వాంతి చేసుకునేవారిలో, విరేచనాల మందులు వాడేవారిలో పొటాషియం పడిపోయి గుండె లయ తప్పవచ్చు, కాలక్రమంలో కిడ్నీలూ దెబ్బతినవచ్చు. కిడ్నీ పరీక్షకు వచ్చిన మనిషిని తిండి గురించి కూడా అడగాలన్నది ఇందుకే.

బలం కోసం సెలైన్ ఎక్కించుకునే అలవాటు ఇక్కడ ప్రత్యేకంగా చెప్పుకోవాల్సిన ప్రమాదం. రోజుల తరబడి దాదాపు ఏమీ తినని శరీరంలోకి ఒక్కసారిగా గ్లూకోజ్ వెళ్తే ఇన్సులిన్ ఎగదన్నుతుంది. ఒంట్లో అసలే నిల్వలు తగ్గిన ఫాస్ఫేట్, పొటాషియం, మెగ్నీషియం రక్తంలోంచి కణాల్లోకి లాగేయబడతాయి. దానితో గుండె, ఊపిరితిత్తుల కండరాలకే పని చేసే శక్తి ఉండదు. థయామిన్ అనే విటమిన్ లోపిస్తే మెదడుకూ ముప్పే. వైద్యులు దీన్ని రీఫీడింగ్ సిండ్రోమ్ అంటారు. యుద్ధఖైదీలు విడుదలై కడుపునిండా తిన్నాక కుప్పకూలినప్పుడు ప్రపంచానికి ఇది తెలిసొచ్చింది. బాగా చిక్కిపోయినవాళ్లకు తిండి మళ్లీ మొదలుపెట్టడం రక్తపరీక్షలు చేస్తూ, ఆసుపత్రిలో జరగాల్సిన పని. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర బాటిల్ కట్టించుకునే పని కాదు.

ఉపవాసం మరో తెర. కార్తీక సోమవారాలు, అరసవల్లి సూర్యనారాయణస్వామికి మొక్కి చేసే ఆదివారాలు ఇక్కడి ఇళ్లలో మామూలు. వ్రతానికి ఒక గడువు ఉంటుంది, ముగిశాక ప్రసాదం ఉంటుంది. ఇంటిల్లిపాదీ కలిసి తినే భోజనంతో అది పూర్తవుతుంది. జబ్బు పట్టిన ఉపవాసానికి ముగింపు ఉండదు. ఆదివారం శనివారానికి పాకుతుంది, ఆపైన గురువారం చేరుతుంది. ప్రసాదం చేతిలోకి వస్తుంది గానీ నోటి దాకా రాదు. గమనించాల్సింది ఎన్ని రోజులు మానేశారన్నది కాదు, విరమించే రోజు ఎలా తింటున్నారన్నది.

అన్నిటికంటే దళసరి తెర మాత్రం ఆడవాళ్లు ఆఖర్న తినడం. అందరికీ పెట్టి, గిన్నెలో మిగిలింది తినడం, మిగలకపోతే మజ్జిగతో సరిపెట్టుకోవడం మన దగ్గర మంచి ఇల్లాలి లక్షణం. ఈ మెచ్చుకోలు ఉన్నంతకాలం జబ్బును ఎవరూ జబ్బుగా చూడరు.

బరువు విభాగాల సంగతి

ఈ నేల వెయిట్‌లిఫ్టర్లను కన్నది. 2000లో సిడ్నీలో ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారత మహిళ కరణం మల్లీశ్వరిది శ్రీకాకుళం జిల్లా. విజయనగరం జిల్లా కొండవెలగాడ పేరు చెప్పగానే బార్‌బెల్ గుర్తొస్తుంది. ఎవరి మీదా అనుమానంతో అంటున్న మాట కాదిది. బరువు విభాగాలుండే ఏ ఆటలోనైనా పోటీ ముందు నీళ్లు, తిండి తగ్గించి తూకానికి సరిపోవాలన్న ఒత్తిడి ఉంటుంది. శ్రమకు తగ్గ తిండి లేకపోతే హార్మోన్లు, ఎముకలు, గుండె ఎలా దెబ్బతింటాయో వివరిస్తూ అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో నిపుణుల ప్రకటన విడుదల చేసింది. క్రీడాకారిణికి నెలసరి ఆగడం కష్టపడుతోందనడానికి గుర్తు కాదు, తిండి చాలడం లేదనడానికి గుర్తు. ఈ ఒక్క విషయం తెలిసిన కోచ్ చాలామందిని కాపాడగలరు.

కోలుకోవడానికి ఎంత కాలం

చాలా కాలమే పట్టవచ్చు. బోస్టన్‌లో ఈ జబ్బులున్న మహిళలను రెండు దశాబ్దాలకు పైగా గమనించిన అధ్యయనం 2017లో వెలువడింది. అనొరెక్సియా ఉన్నవారిలో 9 ఏళ్ల నాటికి కోలుకున్నది సుమారు 31 శాతమే. అదే 22 ఏళ్ల నాటికి 63 శాతానికి చేరింది. బులీమియాలో 9 ఏళ్లకే 68 శాతం కోలుకున్నారు. ఆశ వదులుకోవాల్సిన పని లేదని ఈ అంకెలు చెబుతున్నాయి. తొందరపడితే కుదరదని కూడా వాటిలోనే ఉంది.

చికిత్సల్లో పిల్లలకు బాగా పనిచేస్తున్నది లండన్ మాడ్స్‌లీ ఆసుపత్రిలో రూపుదిద్దుకున్న కుటుంబ పద్ధతి. తప్పు ఎవరిదన్న వాదన పక్కనపెట్టి, కొంతకాలం తిండి బాధ్యత తల్లిదండ్రులు తీసుకుంటారు. పూటపూటా పక్కన కూర్చుని తినిపిస్తారు. బరువు నిలదొక్కుకున్నాక ఆ బాధ్యతను మెల్లగా పిల్లలకు తిరిగి అప్పగిస్తారు. ఉమ్మడి భోజనం, అమ్మమ్మల ఓపిక ఇంకా మిగిలి ఉన్న ఈ జిల్లాల ఇళ్లకు ఈ పద్ధతి పరాయిదేమీ కాదు. పెద్దవాళ్లకు, బులీమియా ఉన్నవారికి ఆలోచనలనూ తిండి వేళలనూ కలిపి సరిచేసే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ ఉంది. బులీమియాలో కొందరికి మందులూ తోడ్పడతాయి.

సాయం మందుగా మారేది ఎప్పుడు

ఇతరులకు సాయపడేవారికే ఎక్కువ మేలు జరుగుతుందన్న ఆలోచనకు 1965లో ఫ్రాంక్ రీస్‌మన్ అనే సామాజిక శాస్త్రవేత్త ‘హెల్పర్ థెరపీ’ సూత్రమని పేరు పెట్టాడు. ఆచరణ అంతకుముందే ఉంది. 1935లో అమెరికాలో మొదలైన ఆల్కహాలిక్స్ అనానిమస్ దీని మీదే నడిచింది. తాగుడు మానిన మనిషి ఇంకొకరి చేత మాన్పించే ప్రయత్నంలో తనూ నిలబడతాడు.

ఇది ఎలా పనిచేస్తుందో చెప్పడం కష్టమేమీ కాదు. ఏళ్ల తరబడి ‘రోగి’గా ఉన్న మనిషికి వేరే పాత్ర దొరుకుతుంది. తన బాధ వృథా పోలేదనిపిస్తుంది. ఎదుటివారికి ధైర్యం చెబుతూ తన నోటి నుంచే ఆ మాట తనూ వింటుంది. మళ్లీ జారితే తనను నమ్ముకున్నవారు ఏమవుతారన్న ఆలోచన పట్టి నిలుపుతుంది. సాయం అందుకునేవారికీ వైద్యుల దగ్గర దొరకనిది దొరుకుతుంది. అన్నం ముద్ద చూస్తే భయమేస్తుందంటే నవ్వని, తిట్టని మనిషి ఎదురుగా ఉంటుంది. వైద్య డిగ్రీలు లేని స్థానికులు తగిన శిక్షణ ఉంటే డిప్రెషన్‌కు బాగా సాయపడగలరని గోవాలో జరిగిన అధ్యయనాలు ఇప్పటికే చూపించాయి.

అయితే తాగుడుతో పోలిక ఒక చోట తెగిపోతుంది. సారా మానేస్తే ఇక ఆ సీసా ముట్టకుండా బతకొచ్చు. తిండికి ఆ వెసులుబాటు లేదు. కోలుకున్న మనిషి రోజుకు మూడుసార్లు అదే పళ్లెం ముందు కూర్చోవాలి. కాబట్టి ఇక్కడ సాయపడేవారికి ప్రమాదమూ రోజుకు మూడుసార్లు ఎదురవుతుంది.

ముసుగుగా మారేది ఎప్పుడు

మిన్నెసోటా యువకులను మళ్లీ గుర్తుచేసుకోవాలి. ఆకలి మెదడుకు తిండి చుట్టూ తిరిగే పని కావాలి. ఇంకొకరికి పెట్టడం, ఇంకొకరు ఏం తినాలో చెప్పడం, డైట్ ప్లాన్లు రాయడం, అన్నదానంలో బకెట్ పట్టుకుని తిరగడం ఆ మెదడుకు చాలా హాయిగా ఉంటాయి. చూసేవారికి అది సేవ. చేసేవారికి కూడా మనస్ఫూర్తిగా సేవే, అందులో నటన లేదు. కానీ లోపల నడిపిస్తున్నది జబ్బు కావచ్చు. కోలుకోవడంలో ఇంకా సగంలో ఉన్నవారు డైట్ కోచ్‌లుగా, జిమ్ శిక్షకులుగా మారాలని ఆరాటపడినప్పుడు ఇంట్లోవాళ్లు సంతోషించే ముందు ఆగి చూడాల్సింది ఇదే.

తేడా పట్టుకోవడానికి మన పెళ్లిళ్లలోనే ఒక కొలత ఉంది. బంతి భోజనాల్లో వడ్డించినవాళ్లు ఆఖరి బంతిలో కూర్చుంటారు. అరిటాకు వేసుకుని, పప్పు నుంచి పెరుగు దాకా తిని లేస్తారు. వడ్డించడం మీద ఇష్టమున్న ఆరోగ్యవంతులకూ, జబ్బులో ఉన్నవారికీ తేడా ఆ ఆకు దగ్గర కనిపిస్తుంది. ప్రతి బంతికీ పరుగెత్తి, ఆఖరి బంతి వేళకు ఏదో పని కల్పించుకుని మాయమయ్యేవారు ఇంకా సాయం అందుకోవాల్సిన దశలోనే ఉన్నారు.

మరో ప్రమాదం చెప్పే తీరులో ఉంది. ఫోన్లలో కనిపించే కోలుకున్న కథల్లో చాలావాటికి ‘అప్పుడు–ఇప్పుడు’ ఫొటోలు, ఎన్ని కిలోలకు పడిపోయారు, రోజుకు ఏం తిన్నారన్న లెక్కలు తప్పనిసరి. ఆరోగ్యంగా ఉన్నవారికి అవి హెచ్చరిక. జబ్బులో ఉన్నవారికి అవి పోటీ: నేనింకా అంత చిక్కలేదు, కాబట్టి నాది జబ్బు కాదు. ఈ వ్యాసంలో రోగుల బరువులు, క్యాలరీల అంకెలు, వాంతి చేసుకునే పద్ధతుల వివరాలు లేకపోవడానికి కారణం అదే. నిజంగా పనికొచ్చే కథలో కోలుకున్న తర్వాతి భాగం పొడుగ్గా ఉంటుంది: మొదటిసారి మళ్లీ పెరుగన్నం ఎలా తిన్నారు, చేయి వణికినప్పుడు పక్కన ఎవరున్నారు, బట్టలు బిగుతైన రోజు ఎలా గడిచింది.

ఈ జిల్లాల్లో ఏం చేయవచ్చు

కొత్త వ్యవస్థ కట్టనక్కర్లేదు. కౌమారదశ పిల్లల కోసం 2014లో మొదలైన రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమంలో పోషణ, మానసిక ఆరోగ్యం రెండూ ఉన్నాయి. తోటి పిల్లలనే సలహాదారులుగా తయారుచేయాలన్న ఆలోచన కూడా అందులోనే ఉంది. ఆశా, ఏఎన్ఎం, అంగన్‌వాడీ కార్యకర్తలు ఇప్పటికే గడప గడపా ఎరిగినవాళ్లు. వాళ్ల దగ్గర లేనిది ఒకటే, అడగాల్సిన ప్రశ్నలు. 1999లో బ్రిటన్ వైద్యులు తయారుచేసిన స్కాఫ్ అనే చిన్న ప్రశ్నావళిలో ఐదే ఉన్నాయి. కడుపు నిండిందని ఇబ్బందిగా అనిపించి వాంతి చేసుకుంటారా? తిండి మీద అదుపు పోయిందని దిగులుగా ఉందా? గత మూడు నెలల్లో బాగా బరువు తగ్గారా? ఇతరులు సన్నగా ఉన్నావంటున్నా లావుగా ఉన్నామనిపిస్తోందా? తిండి ఆలోచనలే జీవితాన్ని నడుపుతున్నాయా? రెండింటికి అవునన్న జవాబొస్తే డాక్టర్‌కు చూపించాలి. హిమోగ్లోబిన్ పరీక్ష చేసే రోజునే ఈ ఐదూ అడగడానికి రెండు నిమిషాలు చాలు.

చికిత్సకు విశాఖ మానసిక ఆసుపత్రే గతి అనుకునే రోజులు కొంత మారాయి. శ్రీకాకుళంలో ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. విజయనగరంలో 2023లో కొత్తది మొదలైంది. మానసిక జబ్బులకూ శారీరక జబ్బులతో సమానంగా బీమా ఇవ్వాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. 2022 అక్టోబరులో మొదలైన టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నంబరు 14416కు ఏ ఊరి నుంచైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. స్పృహ తప్పడం, గుండె దడ, నిలబడలేనంత నీరసం ఉంటే మాత్రం ఫోన్ కాదు, నేరుగా ఆసుపత్రికే వెళ్లాలి.

కోలుకున్నవారిని ఇందులో కలుపుకోవాలంటే కొన్ని కట్టుబాట్లు అవసరం. చికిత్స చేసినవారు సరేననాలి. బరువు, తిండి వేళలు చాలాకాలంగా నిలకడగా ఉండాలి. డైట్ సలహా, తూకం వేయడం వైద్య సిబ్బంది పని, తోడుగా వచ్చినవారిది కాదు. వాళ్ల బాగోగులు అడిగే మనిషి కూడా ఒకరు ఉండాలి. ఇన్ని జాగ్రత్తల తర్వాత వాళ్లు చేసే పని చూడటానికి చాలా చిన్నది. ఒక మధ్యాహ్నం ఒక ఇంటికి వెళ్తారు. బెదిరిపోయిన అమ్మాయి పక్కన పీట వేసుకుని కూర్చుంటారు. సినిమా గురించో, కాలేజీ గురించో మాట్లాడతారు. వాళ్లమ్మ రెండు పళ్లేల్లో అన్నం పెడుతుంది. వచ్చినవారు ముందు తమ పళ్లెంలోది కలుపుకుని తినడం మొదలుపెడతారు.